గోల్ వెనక జాగా

పక్షవాతం వచ్చి కప్తాన్ సాబ్ మాటలన్నీ పోయాక ఒకే ఒక్క మాట మిగిలింది. ఆ ఒక్కటీ ఏమిటన్న దాని మీద మా వీధిలో రెండు అభిప్రాయాలుండేవి.

"గోల అంటున్నారు పాపం" అన్నాడు మా ఆయన సూరి. మాది విజయనగరం. మాకు గోలంటే గోలే. ఎదురుగా బోరు వేస్తున్నారు, వెనక వీధిలో అపార్ట్‌మెంటు లేస్తోంది, పెద్దాయనకి చిరాకెయ్యదా మరి అని వాదించాడు.

"గోల గాదయ్యా, గోల్ అంటున్నడు. ఆడిన దినాలు యాదికొస్తున్నయి" అంది కప్తాన్ సాబ్ భార్య బాలమ్మ. ఇక దానికి తిరుగు లేదు. అన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి మొగుడి మాట అర్థం కాకపోతే ఇంకెవరికి అవుతుంది? అప్పటి నుంచి ఆయన నోరు తెరిస్తే అందరం బాలమ్మ వైపు తిరిగేవాళ్ళం. ఆవిడ చెప్పేది. మేం తలూపేవాళ్ళం.

మేం వాళ్ళ మేడ మీద పోర్షన్లో అద్దెకుండేవాళ్ళం, నేరేడ్‌మెట్‌లో. పొద్దున్నే కంపెనీ బస్సొచ్చి సూరిని మాదాపూర్ పట్టుకుపోయేది. సాయంత్రం పిండేసిన తువ్వాల్లా తెచ్చి పడేసేది. మధ్యలో నాకు వంటింటి కిటికీ, కిటికీలోంచి కప్తాన్ సాబ్ గ్రౌండూ మిగిలేవి.

కప్తాన్ సాబ్ అసలు పేరు తుకారాం. కప్తాన్ అంటే పటాలంలో అనుకుని చాలామంది లేచి నిలబడేవారు. పటాలంలో ఆయన హవల్దారే. కప్తాన్ అయింది ఫుట్‌బాల్ టీముకి. తిరుమలగిరిలో చెప్పుల్లేకుండా ఆడుకునే కుర్రాణ్ణి కాళ్ళు చూసి మిలిటరీలో చేర్చుకున్నారట. యుద్ధం వచ్చినప్పుడు మాత్రం ఆ కాళ్ళతో పని లేకపోయింది. పేలకుండా నేలలో దిగబడిపోయిన వాటిని వెతికి తీసే జట్టులో వేశారు. ఎడమ చెవి అక్కడే వదిలేసి వచ్చాడు. ఆ తర్వాత కలకత్తాలో ఒక క్లబ్బు జీతమిచ్చి ఆడించుకుంది.

"ఆటకి జీతం ఇస్తారా పెద్దమ్మా?" అని అడిగాను ఒకసారి.

"జీతమే గాదు బిడ్డా, చేపలు సుత. ఆ వాసనకి ఆర్నెల్లు నేను ముక్కు మూస్కొని సంసారం జేసిన."

ఆయన నుదుటి మీద చిన్న నిచ్చెనలాంటి మచ్చ ఉండేది. అది బంతి లేసు అచ్చు. వానలో తడిస్తే తోలుబంతి ఇటుకంత బరువెక్కేదట. దాన్ని ఈయన తలతో కొట్టి గోల్ చేసేవాడు. కలకత్తా చప్పట్లన్నీ చివరికి ఇలా తల్లో గడ్డకట్టాయేమో అన్నట్టు మాట్లాడాడు డాక్టరు.

ఆ కలకత్తా డబ్బుతోనే ఇంటి వెనక జాగా కొన్నాడు. అప్పట్లో అక్కడ నక్కలు తప్ప ఎవరూ ఉండేవారు కాదట. ఏ దొరల కాలంలోనో అటు ఫిరంగులు పేల్చడం నేర్పేవారని పాతవాళ్ళు చెప్పుకునేవారు. రిటైరయ్యాక వీధి పిల్లల కోసం పైపులతో ఒక గోల్ పాతాడు. ఒక్కటే. అదీ జాగా చివర కాదు, చాలా ముందుకి జరిపి. వెనక బోలెడు స్థలం వదిలేసి అందులో బొమ్మజెముడు పెంచాడు. గులాబీలు పెంచే వయసులో ముళ్ళు పెంచుతున్నాడేమిటా అనుకునేదాన్ని.

బంతి గోల్ దాటి వెనక్కి పోతే తేవడం ఆయన పని. ఇంకెవ్వరూ వెళ్ళకూడదు. అంత పెద్ద ఆటగాడు ఇనప కుర్చీ వేసుకుని పిల్లలకి బంతులందిస్తున్నాడని మా వీధంతా ఆయన మంచితనాన్ని మెచ్చుకునేది. నేను పైనుంచి చూసేదాన్ని కనక ఇంకో సంగతి కనబడేది. ఆయన ఎప్పుడూ ఒకే దారిన వెళ్ళేవాడు. జెముడు పక్కనుంచి, అడ్డంగా, ఒక అడుగు పెట్టి చూసుకుని ఇంకో అడుగు. తడి ముగ్గు తొక్కకుండా వాకిలి దాటే ఆడదానిలా. మధ్యలో ఒక చదునురాయి ఉండేది. దాని చుట్టూ తిరిగి వచ్చేవాడు, బంతి దాని పక్కనే పడివున్నా సరే.

ఒకసారి ఎదురింటి కల్పలత కొడుకు బంతి కోసం లోపలికి ఉరికాడు. కప్తాన్ సాబ్ వాణ్ణి గాల్లోనే పట్టుకుని చెంప ఛెళ్ళుమనిపించాడు. తర్వాత వాణ్ణి గుండెకి పొదువుకుని తనే ఏడ్చాడు. చెంపదెబ్బ సంగతి కల్పలత నాకు చాలాసార్లు చెప్పింది. ఏడుపు సంగతి ఎప్పుడూ చెప్పలేదు. అది మాత్రం నేను మర్చిపోలేకపోయాను.

ఇదంతా పక్షవాతానికి ముందు.

*

ఆ రోజుల్లో నేరేడ్‌మెట్‌లో గజం ధర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. జావా నేర్చిన ప్రతివాడికీ ఒక ఫ్లాటు కావాలి. స్కూటరు విడిభాగాలమ్మే తిరుమల్, అంటే కప్తాన్ సాబ్ కొడుకు, ఒక శుభోదయాన డెవలపర్ అయ్యాడు. తండ్రి వేలిముద్ర తీసుకుని గ్రౌండులో ఐదంతస్తులకి ప్లాను గీయించాడు. రెండో అంతస్తులో మాకూ ఒకటి అన్నాడు. వంటిల్లు ఆగ్నేయంలో. నేను కాదంటానా?

"ఆషాఢం వొస్తె ముహూర్తాలుండయి. ఈ బుధారమే జేసీబీ పెట్టిస్తున్న" అని తిరుమల్ ఇంట్లో చెప్పిన రోజు నుంచి కప్తాన్ సాబ్ తీరు మారిపోయింది. తెల్లారేసరికి పడిపోయిన కాలు ఈడ్చుకుంటూ వెళ్ళి గోల్ వెనక కుర్చీలో కూర్చునేవాడు. అన్నానికి లేపితే లేచేవాడు కాదు. ఎవరు దగ్గరికెళ్ళినా వంకర మూతి మరింత వంకరగా తెరిచి "గోల... గోల..." అనేవాడు. చివర అక్షరం సాగుతోందో తెగుతోందో తెలిసేది కాదు.

"గోల్ ఇడిచిపెట్టి ఉండలేకపోతున్నడు" అనేది బాలమ్మ.

"టెర్రస్ మీద గోల్ పెట్టిస్త నాయినా, పరేషాన్ గాకు" అనేవాడు తిరుమల్.

పెద్దాయన కొడుకుని చూసిన చూపు నాకు నచ్చలేదు. అది కోపం కాదు. మునిగిపోతున్నవాడు ఒడ్డున నిలబడి చెయ్యూపుతున్న వాళ్ళని చూస్తాడే, అదీ.

మంగళవారం మధ్యాహ్నం పెరుగు తోడు కోసం కిందికి దిగాను. కప్తాన్ సాబ్‌ని అన్నానికి ఎలాగో లోపలికి తెచ్చారు. టీవీలో హిందీ వార్తలు వస్తున్నాయి. ఆ వేసవంతా సరిహద్దులో ఉద్రిక్తతే కదా. న్యూస్‌రీడరమ్మ ఒక చక్కని చిరునవ్వుతో అవతలివాళ్ళు గోలాలు కురిపించారని చెప్పింది. తెరమీద పొగ.

కప్తాన్ సాబ్ చెయ్యి ముద్దతో సహా ఆగిపోయింది. ఆ చేత్తోనే టీవీని చూపించాడు. తర్వాత వెనక కిటికీలోంచి గ్రౌండు వైపు చూపించాడు. మళ్ళీ టీవీ. మళ్ళీ గ్రౌండు. "గోల" అన్నాడు. మెతుకులు చొక్కా మీద రాలాయి.

బాలమ్మ లేచి టీవీ కట్టేసింది.

"గోల్ అంటున్నడు" అంది. నేను అడగలేదు.

నేను బీఏలో సెకండ్ లాంగ్వేజి హిందీ తీసుకున్నాను. సులువుగా మార్కులొస్తాయని తీసుకున్నాను తప్ప ఇలా పనికొస్తుందని కాదు. గోలా అంటే ఫిరంగి గుండు. మందుగుండుకి గోలా బారూద్ అని ఒక పాఠంలో ఉండేది, నేను దానికి 'గోలగా ఉన్న బారు' అని అర్థం రాసి మాస్టారి చేత క్లాసులో చదివించుకున్నాను. చదునురాయి, అడ్డంగా వేసే అడుగులు, జెముడు, చెంపదెబ్బ, అన్నీ ఒక్కసారి వరసలో నిలబడ్డాయి.

పెరుగు గిన్నె అక్కడే పెట్టి, "పెద్దమ్మా, అది గోల్ కాదు" అన్నాను.

బాలమ్మ నన్ను వరండాలోకి తీసుకొచ్చి మెట్టు మీద కూర్చోబెట్టింది. చాటలో చింతపండు ముందుకి లాక్కుంది. గింజ తీస్తూ మాట్లాడింది, రేపటి కూర గురించి మాట్లాడినట్టే.

"గోల్ పాతనీకి గుంత తవ్వుతుంటె కానొచ్చింది. సర్కారుకి చెప్తనన్నడు. నేనే వద్దన్న. చెప్తె మిల్ట్రీవాళ్ళొచ్చి జాగ మొత్తం గుంజుకుంటరు. తలకాయ పగలగొట్టుకొని కొన్న జాగ బిడ్డా అది. తిరుమల్ నెత్తి మీద చెయ్యి పెట్టించి ఒట్టేయించుకున్న, ఎవ్వలకు చెప్పనని."

"మరి రేపు జేసీబీ..."

"ఏమైతది? ముప్పయ్యేండ్ల సంది పేలలే. గిప్పుడు నీ కోసం పేల్తదా?"

"పేలితే?"

ఆవిడ గింజ ఒకటి దూరంగా విసిరింది. అది గచ్చు మీద టిక్‌మంది. నేను ఉలిక్కిపడ్డాను, ఆవిడ పడలేదు.

"నీకు సుత ఫ్లాటు గావాలంటివి గద" అంది.

*

సాయంత్రం సూరికి చెప్పాను. బూట్లు విప్పుతూ విన్నాడు.

"ఏటే నీ గోల?"

"నా గోల కాదండీ, గోలా. దీర్ఘం ఉంది."

"పోలీసులకి ఫోన్ చేసి ఏటని చెప్తావు? మా ఓనరు గారికి మాట పడిపోయింది, ఆయన గోల అంటున్నారు, దానికి చివర్న దీర్ఘం ఉంది, వెంటనే రండి అనా?"

"బాలమ్మ గారు చెప్పారు కదా."

"రేపు పోలీసుల ముందు కూడా చెప్తారా?"

చెప్పదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇల్లు ఖాళీ చెయ్యమని మాత్రం చెబుతుంది. సూరి కాసేపు ఆలోచించి, "పోనీ ఈమెయిల్ పెట్టనా?" అన్నాడు. ఎవరికో మాత్రం చెప్పలేదు. అన్నం పెట్టేశాను.

బుధవారం ఇంకా వెలుగు రాకముందే ముగ్గుబుట్ట పట్టుకుని దిగాను. ఆడది తెల్లారగట్ల ముగ్గుబుట్టతో ఎక్కడ తిరిగినా ఎవరూ ఎందుకని అడగరు. మా జాతికి దేవుడిచ్చిన పాసుపోర్టు అది. బుట్టలో ముగ్గు లేదు. పసుపు, కుంకుమ, రెండు నిమ్మకాయలు, నాలుగు వేపమండలు.

గోల్ దాటాను. ఆయన దారి నాకు కంఠతా వచ్చు, కిటికీలోంచి అన్నాళ్ళు చూశాను. కానీ పైనుంచి చూడ్డం వేరు. జెముడు పక్కనుంచి, అడ్డంగా, ఒక అడుగు పెట్టి, ఆగి, ఇంకో అడుగు. రాయి ముందు కూర్చుని పసుపు రాశాను. పసిపిల్ల ఒంటికి కూడా అంత మెత్తగా రాసివుండను. రాయి చల్లగా ఉంది. బొట్లు పెట్టాను. నిమ్మకాయలు దొర్లిపోకుండా వేపమండలు అడ్డం పెట్టి, వచ్చిన అడుగుల్లోనే అడుగులేసుకుంటూ వచ్చేశాను.

వరండాలో కప్తాన్ సాబ్ నిలబడి ఉన్నాడు. అంతా చూశాడు. మూతి బాగున్న వైపు మాత్రం నవ్వింది.

జేసీబీ పది దాటాక వచ్చింది. డ్రైవరు సదాశివ బండి ఆపి, కిందికి దిగి, జెముడు సందులోంచి పచ్చగా మెరుస్తున్న రాయిని చూశాడు. చెప్పులు విప్పి దండం పెట్టాడు.

"అన్నా, గిది నాతోని గాదు. ఇంట్ల పిల్లగాండ్లున్నరు."

"నిన్నటిదాంక గది ఉత్త రాయిరా బై!" అన్నాడు తిరుమల్.

"నిన్నటిదాంక నువ్వు సుత డెవలపర్వి గాదు" అని వాడు బండి తిప్పుకుపోయాడు.

తిరుమల్ ఇంకో ఇద్దరు డ్రైవర్లని తెచ్చాడు. వాళ్ళూ చెప్పులు విప్పారు. ఈలోగా ఆషాఢం వచ్చేసింది. పని మళ్ళీ శ్రావణానికే అన్నారు. ఈలోగా మిలిటరీవాళ్ళకి ఎలా చెప్పాలో తీరిగ్గా ఆలోచించుకోవచ్చని నాకు నేనే శభాష్ చెప్పుకుని గుత్తొంకాయ చేశాను. బాలమ్మ మాత్రం మెట్ల కింద నిలబడి పైకి చూస్తూ, "పసుపు మస్తు ధరున్నదట గద కుమారీ" అంది. అంతే అంది.

*

నేను లెక్కలోకి తీసుకోనిది ఒక్కటే. దేవుడు వెలిస్తే జనం ఊరుకోరు.

ఆషాఢం మొదటి శుక్రవారం పొద్దున్నే డప్పు వినిపించి కిటికీలోంచి చూశాను. బొమ్మజెముడు లేదు. ఎవరో కొట్టేశారు. ఎర్రచీర కట్టుకుని కల్పలత ముందు, ఆమె వెనక మా వీధి ఆడవాళ్ళంతా. రాయికి కళ్ళు పెట్టారు. చీర ముక్క చుట్టారు. తిరుమల్ పక్కనే నిలబడి, "గద్దె కట్టిస్త. జెర లోతుగ పునాది దీసి మంచిగ కట్టిస్త" అంటున్నాడు. దేవతని పక్కకి జరిపితే జాగా మిగులుతుందని వాడి ఎత్తు.

అప్పుడు చూశాను, కల్పలత పళ్ళెంలో ఏముందో.

కొబ్బరికాయలు.

మొదటిది ఆ రాయి మీదే పడింది. ఠప్. నీళ్ళు చిమ్మాయి. "ఎల్లమ్మ తల్లీ!" అని అందరూ. రెండోది. ఠప్. నేను మెట్లెలా దిగానో నాకు తెలియదు. గోల్ దగ్గరికి వచ్చేసరికి మూడోది పైకి లేచింది. "కొట్టకండి! ఆగండి!" అని అరిచాను. డప్పులో కలిసిపోయింది. కలవకపోయినా ఏం చెబుతాను? ఆ పసుపు నాది, దేవత నాది, దాని కింద ఉన్నది మాత్రం బాలమ్మది అనా?

నన్ను తోసుకుంటూ ఎవరో ముందుకి పోయారు. కప్తాన్ సాబ్. పడిపోయిన కాలుని ఈడుస్తూ, బాగున్న కాలితో గెంతుతూ. ఆయన పరిగెత్తడం నేను చూసింది అదొక్కసారే. దారి చూసుకోలేదు, అడ్డంగా వెళ్ళలేదు. ఆడవాళ్ళ మధ్యనుంచి దూరి రాయి మీద బోర్లా పడి రెండు చేతులతో పొదివి పట్టుకున్నాడు. జన్మంతా ఎదుటివాళ్ళ గోల్‌లోకి బంతి కొట్టినవాడు మొదటిసారి గోల్‌కీపరయ్యాడు.

డప్పు ఆగింది.

"పూనకం!" అన్నారెవరో.

"అమ్మొచ్చింది! కప్తాన్ సాబ్ మీదికి అమ్మొచ్చింది!" కల్పలత కాయ పళ్ళెంలో పెట్టకుండానే చేతులు జోడించింది. "ఏం గావాలె తల్లీ? ఎందుకు కోపం?"

"గోల!" అన్నాడాయన. "గోల! గోల!"

"గోల జేసిన్రంటున్నది అమ్మ! మిషిన్లు దెచ్చి గోల జేసిన్రని కోపం జేస్తున్నది!"

"గోల్ అక్కా. గాయిన ఎప్పటికి అనేదే" అన్నాడు తిరుమల్. "లెవ్వు నాయినా, ఇజ్జత్ తియ్యకు" అని తండ్రి భుజాలు పట్టి లాగాడు. ఆయన లేవలేదు. లాగినకొద్దీ ఆయనతోపాటు రాయి కూడా కదలడం నేను చూశాను.

"ఆ కాయగూడ కొట్టున్రి, అమ్మ శాంతిస్తది" అంది ఒక ముసలమ్మ.

"ఆగున్రి. బాలవ్వనడుగుదాం" అంది కల్పలత. "గాయిన మాట ఆమెకే ఎర్క."

అందరూ ఒక్కసారి వెనక్కి తిరిగారు. వెనక గుమ్మంలో బాలమ్మ నిలబడి ఉంది, చేతిలో చాట. ఎప్పటిలాగే మేమంతా ఆవిడ చెప్పబోయే దాని కోసం ఎదురుచూశాం. ఆవిడ నన్ను చూసింది. కొడుకుని చూసింది. వాడి చెయ్యి ఇంకా తండ్రి భుజం మీదే ఉంది, వాడి కాలు రాయి అంచు మీద. కప్తాన్ సాబ్ తలెత్తి పెళ్ళాన్ని చూశాడు. నుదుటి మీద లేసు మచ్చ నిండా కుంకుమ అంటుకుని ఉంది. "గోల" అన్నాడు ఇంకోసారి, చిన్నగా, అడుక్కుంటున్నట్టు.

బాలమ్మ చాట కింద పెట్టింది.

"గోల గాదు" అంది. "గోల్ గాదు. గోలా. మిల్ట్రీ గోలా. మీ కాళ్ళ కింద బాంబున్నది."

ఎవరూ కదల్లేదు.

"తిరుమల్, నీ నెత్తి మీద ఒట్టేయించుకున్న నేను. ఆ ఒట్టు దీసి గట్టు మీద పెట్టిన. కాలు దియ్యి బిడ్డా. మెల్లగ."

కప్తాన్ సాబ్ లేచాడు. ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని తన పాత దారిన నడిపించాడు. అడ్డంగా, ఒక అడుగు పెట్టి, ఆగి, ఇంకో అడుగు. బంతి తెచ్చిచ్చినట్టే ఒక్కొక్కరినీ తెచ్చి గోల్ ఇవతల వదిలిపెట్టాడు. కల్పలత చివర వచ్చింది, కొబ్బరికాయ రెండు చేతులతో పట్టుకుని, దాన్ని కూడా కింద పెట్టడానికి భయపడుతూ.

*

మిలిటరీవాళ్ళు ఇసుక బస్తాలతో వచ్చారు. వీధంతా ఖాళీ చేయించారు. సాయంత్రానికి, తుప్పు పట్టి గుమ్మడికాయంత లావున్నదాన్ని ఇసుక నింపిన లారీలో పెట్టుకుని, నిద్రపోతున్న పిల్లాణ్ణి తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళారు. జాగా మాత్రం ఎవరూ గుంజుకోలేదు. ఆ మాట విని బాలమ్మ చాలాసేపు గోడకేసి చూస్తూ కూర్చుంది.

వెళ్ళే ముందు ఒక కుర్ర అధికారి కప్తాన్ సాబ్‌కి సెల్యూట్ కొట్టాడు. ఇన్నేళ్ళు ఒంటరిగా కాపలా కాశారు సాబ్ అన్నాడు హిందీలో. తర్వాత మామూలుగానే అడిగాడు, ఇంకేమీ లేదు కదా అని.

కప్తాన్ సాబ్ గ్రౌండు వైపు చూడలేదు. మెల్లగా తల తిప్పి ఇంటివైపు చూశాడు. మా ఇంటివైపు.

"గోల" అన్నాడు.

అధికారి బాలమ్మ వైపు తిరిగాడు. మేమంతా తిరిగాం.

"గోల్ అంటున్నడు సారూ" అంది బాలమ్మ. "ఆడిన దినాలు యాదికొస్తున్నయి."

అధికారి నవ్వి జీపెక్కాడు. నేను బాలమ్మ మొహం చూశాను. చింతపండు గింజ తీసేటప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

ఇంకో ఇల్లు దొరికేదాకా మేం అక్కడే ఉండాల్సి వచ్చింది. ఆ రోజుల్లో పచ్చడికి కొబ్బరికాయ కావాలంటే సూరి వీధి చివరిదాకా పోయి పగలగొట్టుకొచ్చేవాడు. ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు.